వదినను ఇంగ్లీషులో ఏమంటారు?



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంగ్లీషు చెప్పే మాస్టర్లకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "వదినను ఇంగ్లీషులో ఏమంటారండీ?" సిస్టర్ ఇన్ లా అంటారని చెబుతాం. వెనక బల్ల మీంచి ఇంకో పిల్ల లేచి, "మరి మరదల్నో?" అంటుంది. ఆమె కూడా సిస్టర్ ఇన్ లాయే. తోడికోడలో? కొందరు ఆమెనూ ఆ పేరుతోనే సరిపెట్టేస్తారు. క్లాసులో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వదిన ముందు ఒకలాగ మసలుకోవాలి, మరదలితో ఇంకోలాగ మాట్లాడాలి, తోడికోడలితో మరోలాగ నెగ్గుకురావాలి. ఈ ముగ్గురికీ ఒకే పేరు పెట్టి ఊరుకుంటే ఎలాగన్నది వాళ్ల సందేహం.

అది తీసిపారేయాల్సిన సందేహం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే వకీలు ఉండేవాడు. తమ దగ్గర్లో నివసించే సెనెకా తెగవాళ్లు తండ్రి అన్నదమ్ములను కూడా తండ్రి అనే పిలవడం, వాళ్ల పిల్లలను సొంత అన్నదమ్ముల్లాగే లెక్కపెట్టుకోవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఇంకా ఎవరెవరిలో ఈ పద్ధతి ఉందో తెలుసుకోవాలని దేశదేశాలకూ ప్రశ్నల పట్టికలు పంపాడు. 1871లో అచ్చయిన ఆయన గ్రంథంలో తమిళ, కన్నడ వరసల పక్కన మన తెలుగు వరసలూ ఉన్నాయి. మనకూ అంతే కదా. పెదనాన్నలో నాన్న ఉన్నాడు, పిన్నమ్మలో అమ్మ ఉంది. వాళ్ల పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు మాత్రం బావలూ మరదళ్లూ అవుతారు. ఒక వైపు పెళ్లి మాటే రాకూడదు. రెండో వైపు పిల్ల పుట్టినప్పుడే, మా వాడికి పెళ్లాం పుట్టిందని మురిసిపోయేవాళ్లు. ఇంగ్లీషులో ఈ రెండు వైపులవాళ్లూ కజిన్లే.

అందుకే ఒక చిక్కు వస్తుంది. మన వైపు అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేస్తూ, కజిన్‌ను పెళ్లి చేసుకుంటున్నానని ఆఫీసులో చెప్పిందనుకోండి, వింటున్నవాళ్లు ఉలిక్కిపడతారు. వాళ్ల చెవికి కజిన్ అంటే అన్నలాంటివాడు. మేనరికాల మంచిచెడ్డలు డాక్టర్లు చెప్పాలి, ఆ జోలికి నేను పోను. నేను చెప్పేది మాట గురించే. అలాంటి చోట వరసకు పేరు వెతక్కుండా వరసను విప్పి చెప్పాలి. మా అమ్మ తమ్ముడి కొడుకు, "మై మదర్స్ బ్రదర్స్ సన్", మా వైపు ఇలాంటి సంబంధాలు చేసుకోవడం ఆచారం, అంటే సరిపోతుంది. తోడల్లుడి సంగతీ అంతే. మనవాళ్లు కో-బ్రదర్ అని ఒక మాట పుట్టించుకున్నారు. దక్షిణాదిలో ఎక్కడికి వెళ్లినా అది చెల్లుతుంది, లండన్‌లో మాత్రం ఎవరికీ అర్థం కాదు. అక్కడ "మై వైఫ్స్ సిస్టర్స్ హజ్బెండ్" అని పొడుగ్గా చెప్పుకోవాల్సిందే. పొడుగైతే తప్పు లేదు. ఇంగ్లీషువాడు కూడా అలాగే చెప్పుకుంటాడు.

మన పిల్లలు ఇంగ్లీషు దగ్గరికి వరసల జాబితా పట్టుకుని వెళతారు. ఆ దుకాణంలో ఆ సరుకు తక్కువ. అక్కడ దండిగా దొరికేది వేరే ఉంది. ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఏమవుతారో చెప్పడంలో మన భాషది పైచేయి. ఆ ఇద్దరి మధ్య ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో చెప్పడానికి ఇంగ్లీషు చిన్నచిన్న క్రియలకు ఆన్, ఔట్, అప్ లాంటి మాటలు రకరకాలుగా కలిపి వాడుతుంది. మనం నేర్చుకోవాల్సింది వాటిని. పోటీ పరీక్షల పుస్తకాల్లో అక్షర క్రమంలో వరసగా అచ్చేసిన పట్టికలు బట్టీ పడితే అవి రావు. ఒక జత మనుషులను కళ్ల ముందు నిలబెట్టుకుంటే వస్తాయి.

ఆమదాలవలసలో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ బాగా పొసుగుతుంది. "దే గెట్ ఆన్ వెల్." తండ్రి పోయాక పొలం గట్టు దగ్గర మాట తేడా వచ్చి ఇద్దరికీ చెడింది. "దే ఫెల్ ఔట్." ఎవరితో చెడిందో చెప్పాలంటే దాని తర్వాత "విత్" రావాలి, దేని గురించి చెడిందో చెప్పాలంటే "ఓవర్" రావాలి. "హి ఫెల్ ఔట్ విత్ హిజ్ బ్రదర్ ఓవర్ ద ల్యాండ్." ఇప్పుడు వాళ్లకు మాటల్లేవు. ఇక్కడ ఇంగ్లీషు అచ్చం మనలాగే ఆలోచిస్తుంది. "దే ఆర్ నాట్ ఆన్ స్పీకింగ్ టర్మ్స్." అన్నగారి అమ్మాయి పెళ్లి కుదిరింది. బాబాయి లేకుండా పెళ్లేమిటని పెద్దలు మందలించారు. వదిన కబురు పంపింది. తమ్ముడు వచ్చి పందిట్లో నిలబడ్డాడు. మళ్లీ మాటలు కలిశాయి. "దే మేడ్ అప్." మన పిల్లలకు ఈ చివరి మాట దగ్గరే గందరగోళం, ఎందుకంటే మేకప్ అనగానే మొహానికి వేసుకునే రంగులు గుర్తొస్తాయి. అందుకే విడిగా కాక, తగవు పడ్డ అన్నదమ్ముల మధ్య పెట్టి నేర్పాలంటాను.

ఇంకొక జత ఉన్నారు. పలాసలో ఒకే బడిలో చదువుకున్న స్నేహితులు. ఒకడు జీడిపప్పు వ్యాపారంలో స్థిరపడ్డాడు. రెండోవాడు రైల్వే ఉద్యోగానికి ఖరగ్‌పూర్ వెళ్లిపోయాడు. మన జిల్లాల నుంచి తరతరాలుగా అలా వెళ్లి అక్కడ ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు ఎన్నో. వీళ్లిద్దరి మధ్య గొడవేమీ జరగలేదు. ఉత్తరాలు తగ్గాయి, ఫోన్లు పండగలకు పరిమితమయ్యాయి, తర్వాత అవీ లేవు. ఇక్కడ "ఫెల్ ఔట్" అంటే అబద్ధమవుతుంది. "దే డ్రిఫ్టెడ్ అపార్ట్" అనాలి. తాడు తెగిన పడవ ఎవరూ నెట్టకుండానే ప్రవాహం లాగినట్టు దూరమైపోతుందే, ఆ అర్థం అందులో ఉంది. ఎవరి తప్పూ ఎత్తిచూపకుండా దూరాన్ని చెప్పే మాట ఇది. వలస ఎక్కువున్న మన ప్రాంతంలో ఈ మాట అవసరం చాలా ఉంది. అందరికీ నేర్పాలని ఉంటుంది నాకు.

నుడికారాల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. కొన్ని మనకు చుట్టాల్లా కనబడతాయి. పెళ్లి చేసుకోవడాన్ని వాళ్లు "టై ద నాట్" అంటారు. మూడు ముళ్లు వేసే జాతికి అది వెంటనే పట్టుబడుతుంది. తండ్రి పోలికలు వచ్చాయనడానికి "టేక్స్ ఆఫ్టర్ హర్ ఫాదర్" కూడా సులువే. కొన్ని అడ్డం తిరుగుతాయి. ఇద్దరికి చూసీ చూడగానే గాఢంగా స్నేహం కుదిరితే "దే గెట్ ఆన్ లైక్ ఎ హౌస్ ఆన్ ఫైర్" అంటారు. మనకు కొంపలంటుకోవడమంటే మునిగిపోవడమే. కాబట్టి ఈ నుడికారం విన్న మన విద్యార్థి వాళ్లిద్దరూ బద్ధశత్రువులని రాసి వస్తాడు. ఎవరైనా కావాలని మొహం తిప్పేసుకుంటే "గివ్ ద కోల్డ్ షోల్డర్" అంటారు. అక్కడ చలికీ భుజానికీ అర్థం వెతకడం దండగ. ఎడమొహం పెడమొహం అని మనం అనే చోట అది కూర్చుంటుంది, అంతే.

అంతకన్నా జాగ్రత్త పడాల్సినవి మన తెలుగులో కలిసిపోయి రూపు మార్చుకున్న మాటలు. కాలేజీ కుర్రాడు "ప్రపోజ్ చేశాను" అంటే, ప్రేమిస్తున్నానని ఆ అమ్మాయికి చెప్పాడని మనం అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషులో ఆ మాటకు నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడని అర్థం. "లవర్" అని మన సినిమాలు అమాయకంగా అనేస్తాయి. ఇంగ్లీషు చెవికి అది శరీర సంబంధాన్ని స్ఫురింపజేసే మాట, పెద్దల ముందు అనేది కాదు. "ఎఫైర్" అంటే సాధారణంగా పెళ్లయినవాళ్లు చాటుగా నడిపే సంబంధం. పెళ్లికాని పిల్లల ప్రేమను ఆ పేరుతో పిలిస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టు. పెద్దవాళ్లు మర్యాదగా, "మీకు ఇష్యూస్ ఎంతమంది?" అని అడుగుతారు. దస్తావేజుల భాషలో ఇష్యూ అంటే సంతానమే, కానీ ఈనాటి ఇంగ్లీషు మాటల్లో ఇష్యూస్ అంటే సమస్యలు. ఒకరి తండ్రి పోయినప్పుడు "ఎక్స్‌పైర్డ్" అని రాస్తాం. ఇంగ్లీషువాళ్లు మామూలు మాటల్లో దాన్ని గడువు తీరిన మందుసీసాకూ లైసెన్సుకూ వాడతారు. మనిషికి "పాస్డ్ అవే" అంటారు, లేదా సూటిగా "డైడ్" అంటారు. దుఃఖంలో ఉన్నవాళ్లకు మాట చేరవేసేటప్పుడు ఈ తేడా తెలిసుండాలి.

ఈ ఇంగ్లీషు మన ఇళ్లలోకి నిన్నగాక మొన్న వచ్చింది కాదు. మనుషుల మధ్య సంబంధాలను ఇంగ్లీషులో మాట్లాడితే ఏమవుతుందో మన విజయనగరం ఎప్పుడో చూసింది. 1892లో అక్కడ గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' నాటకం మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. అందులో గిరీశం అనే మాటకారి తన శిష్యుణ్ణి మై డియర్ అంటూ పిలుస్తాడు. ఇంగ్లీషులో వితంతువు మీద పద్యం వినిపిస్తాడు. వితంతు వివాహం గురించి, వేశ్యల ఆటపాటలను మానిపించే సంస్కరణ గురించి అతని నోట ఇంగ్లీషు మాటలు పొంగిపొర్లుతాయి. అవతల వేశ్య మధురవాణితో, పూటకూళ్లమ్మతో అతని వ్యవహారాలు అతనివే. శిష్యుడి తండ్రి అగ్నిహోత్రావధానుల ఇంట్లో, కొడుకు చదువు చూసి మురిసిపోదామని తల్లి గురుశిష్యులను ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. వాళ్లిద్దరూ నోటికొచ్చిన పాఠాల ముక్కలు ఒకరికొకరు అప్పజెబుతారు. ఇంట్లోవాళ్లకు అది సంభాషణ. ఆ మాటల్లో ఒకరు రెండో మనిషికి చెప్పినదేమీ లేదు.

నాకు ఆ ఘట్టం చదివినప్పుడల్లా నవ్వుతో పాటు భయం కూడా వేస్తుంది. పక్కనే బుచ్చమ్మ ఉంది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లో ఉంటున్న పిల్ల. తమ్ముడి గురువు గొప్ప చదువరి అని నమ్మింది. ఆ నమ్మకం పట్టుకునే అతను ఆమెను ఇల్లు దాటించాడు. ప్రేమను, దయను, సంస్కరణను పలికే మాటలు నోట్లో ఎన్ని ఉన్నా, ఎదుటి మనిషి పట్ల బాధ్యత లేకపోతే అవి ఎరగా పనికొస్తాయని గురజాడ మన ఊరి వీధుల్లోనే చూపించారు. ఇవాళ ఫోన్లలో "కమిట్‌మెంట్" అనీ "స్పేస్" అనీ రాసుకునే కుర్రకారుకు ఈ నాటకాన్ని మార్కుల కోసం కాక, తమ కోసం చదవమని చెబుతాను.

గురజాడకు ఇంగ్లీషు అంటే గిట్టదని మాత్రం ఎవరూ అనుకోకూడదు. 1883లో 'సారంగధర' కథను ఆయన ఇంగ్లీషు కావ్యంగానే రాశారు. సవతి తల్లి, కొడుకు, తండ్రి మధ్య నడిచే ఆ దారుణ కథను చదివిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, మెచ్చుకుంటూనే, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చారు. అయినా గురజాడ డైరీలు ఇంగ్లీషులోనే సాగాయి. ఒంగోలు మునిసుబ్రహ్మణ్యంగారి వంటి స్నేహితులకు రాసిన ఉత్తరాలూ ఇంగ్లీషులోనే. కన్యాశుల్కం మొదటి కూర్పుకు ముందుమాటను ఆనంద గజపతి మహారాజుకు అంకితంగా ఇంగ్లీషులో రాశారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో ఆడపిల్లకు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1034 తేలాయని అందులో చెప్పారు. పాలించేవాళ్లకు, చదువుకున్నవాళ్లకు ఆ లెక్క ఇంగ్లీషులో వినిపించాలి. బుచ్చమ్మ గోడు మాత్రం బుచ్చమ్మ మాటల్లోనే వినిపించాలి. ఏ మాట ఎవరికి చెబుతున్నామో తెలిసిన రచయిత చేసిన పని అది.

1910లో వచ్చిన ఆయన కథ 'దిద్దుబాటు' మన విషయానికి ఇంకా దగ్గరగా వస్తుంది. గోపాలరావు భార్యకు చదువు చెప్పించిన కొత్తకాలం మనిషి. మీటింగుల పేరు చెప్పి రాత్రిళ్లు వేశ్య పాట వినడానికి వెళతాడు. ఒక రాత్రి ఇంటికొచ్చేసరికి భార్య కమలిని లేదు, ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం ఎత్తుకోవడమే 'అయ్యా' అని ఎత్తుకుంది. మునుపటి 'ప్రియా' ఏమైపోయిందని అతని గుండె గతుక్కుమంటుంది. చదువుకున్న భార్య, పెద్ద తగవు పెట్టుకోకుండా ఒక్క సంబోధన మార్చి మొగుడికి తన స్థానం తెలియజేసింది. ఇంగ్లీషు ఉత్తరాల్లో కూడా ఈ సూక్ష్మం అంతా ఉంది. "డియర్ రాము" అన్నది పరిచయస్తుడికి కూడా రాస్తాం, ప్రేమ ఏమీ అక్కర్లేదు. "మై డియర్ రాము" అంటే కొంచెం దగ్గర. ఎప్పుడూ పేరు పెట్టి రాసేవాడు హఠాత్తుగా "డియర్ సర్" అని మొదలుపెడితే ఏదో జరిగిందన్నమాట. మన బళ్లలో ఉత్తరం నేర్పేటప్పుడు కుడి పక్క తేదీ, ఎడమ పక్క చిరునామా అంటూ పావుగంట చెబుతాం. పిలుపు ఎలా ఉండాలన్నది ఒక నిమిషంలో దాటేస్తాం. తిరగేసి చెప్పాలని నా అభిప్రాయం.

ఇక భాషను ఎలా నేర్చుకోవాలన్న సంగతి. గురజాడతో పాటు విజయనగరంలో చదువుకున్న గిడుగు రామమూర్తిగారు శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన నడిపిన వాడుక భాష ఉద్యమం మొదట రాజుకున్నది తెలుగు పండితుల సభలో కాదు. జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఇక్కడ స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, జనం మాట్లాడే తెలుగొకటి, బళ్లో చెప్పే తెలుగొకటి ఎందుకున్నాయని అడిగాడు. ఐరోపాలో అప్పటికి భాషలు నేర్పే పద్ధతి మారుతోంది. భాషను పుస్తకం కన్నా ముందు మనిషి నోటి నుంచి నేర్చుకోవాలన్నది ఆ పద్ధతి. గిడుగు ఆ పద్ధతి చెప్పే పుస్తకాలు చదివారు. సవర అనే గిరిజన భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. ఆయన సవర మాన్యువల్ 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ పద్ధతి మన దగ్గరికి వచ్చి కూడా, మన దగ్గరే మరుగునపడటం నాకు బాధ కలిగిస్తుంది. మనుషుల మధ్య వాడే ఇంగ్లీషును కూడా అలాగే నేర్చుకోవాలి. సినిమాలో ఒక కూతురు తండ్రితో ఎలా తగవు పడిందో వినండి, రేడియో నాటకం వినండి, విన్న వాక్యాన్ని ఆ మనిషితో సహా గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి చెప్పాలి. మన పిల్లలు మనసులో మాటకు ఇంగ్లీషును ఎందుకు ఆశ్రయిస్తారు? "ఐ లవ్ యూ" నోటికి వచ్చినంత తేలిగ్గా నువ్వంటే ఇష్టం అన్నది రాదు. అమ్మను "మిస్ అవుతున్నా" అంటారు గానీ నీ మీద బెంగగా ఉందనరు. ఇంగ్లీషు కొంచెం దూరాన నిలబడి మాట్లాడే వీలు ఇస్తుంది, సిగ్గు కాపాడుతుంది. నేను దాన్ని తప్పుపట్టను. ఇష్టం లేని పెళ్లికి, ఇష్టం లేని స్నేహానికి కాదని చెప్పాల్సిన ఆడపిల్లకు "ఐ యామ్ నాట్ కంఫర్టబుల్ విత్ దిస్" అన్న వాక్యం రక్ష అవుతుందంటే అది నేర్చుకుని తీరాలి. దానికి ఉన్న మర్యాదా, గట్టిదనమూ రెండూ పనికొస్తాయి.

కొన్ని బంధాలు మాత్రం ఇంగ్లీషులోకి వెళ్లేసరికి పలచబడతాయి. మన ఊళ్లలో నేస్తం కడతారు. ఇద్దరు ఆడపిల్లలు నేస్తాలైతే రెండిళ్లూ చుట్టాలవుతాయి. పండక్కి చీరలూ సారెలూ నడుస్తాయి, శుభానికీ అశుభానికీ వస్తారు. దీన్ని "బెస్ట్ ఫ్రెండ్" అంటే చాలదు. కథ చెప్పాలి, కాస్త ఓపికగా వివరించాలి. బస్సులో ముక్కూమొహం తెలియని ఆవిడను "అప్పా, కాస్త జరుగు" అంటాం. అప్ప అంటే మనకు అక్క. ఇంగ్లీషు దేశాల్లో కూడా ఆ ధైర్యంతోనే పరాయి మనిషిని ఆంటీ అంటే, వయసెత్తి చూపారని ఆవిడ నొచ్చుకోవచ్చు. అక్కడ "ఎక్స్‌క్యూజ్ మీ" చాలు, గౌరవం ఆ రెండు మాటల గొంతులో ఉంటుంది. అత్తగారిని పేరు పెట్టి పిలిచే కోడలిని చూసి మనం విస్తుపోనక్కర్లేదు. "ప్లీజ్", "వుడ్ యూ" ఉన్న చోట పేరు పెట్టి పిలవడం అమర్యాద అవదు.

చివరగా కాగితాల సంగతి. గుజరాత్‌లోని వెరావల్ రేవులో బోటెక్కే మత్స్యకారుడు, గల్ఫ్‌కి వెళ్లే వెల్డరు, ఓడల్లో పనికి కుదిరే కుర్రాడు, విశాఖపట్నం ఆసుపత్రిలో చేరే పెద్దావిడ, అందరూ ఏదో ఒక ఫారం నింపాల్సిందే. అందులో "స్పౌజ్" అంటే భార్య గాని భర్త గాని. "డిపెండెంట్" అంటే మీ సంపాదన మీద బతికేవాళ్లు. "గార్డియన్" అంటే మైనరు పిల్లల బాధ్యత వహించేవారు. "నామినీ" అంటే మీకేదైనా అయితే డబ్బు అందుకోవడానికి మీరు పేరు రాసి ఇచ్చే మనిషి. "నెక్స్ట్ ఆఫ్ కిన్" అన్న గడి చాలా మంది ఖాళీగా వదిలేస్తారు, లేదా ఏజెంటు పేరు రాసేస్తారు. అలా చేయకండి. ఆపద వస్తే మొదట ఎవరికి ఫోను చేయాలో చెప్పే గడి అది. భార్య ఉంటే భార్య పేరు, లేకపోతే తల్లి పేరో తండ్రి పేరో ఆధార్ కార్డులో ఉన్నట్టే రాయండి. రిలేషన్ అని అడిగిన చోట "వైఫ్" అనో "మదర్" అనో రాయండి. మేనమామ పేరు ఇచ్చేట్టయితే ఉత్త "అంకుల్" అని వదిలేయకుండా "మదర్స్ బ్రదర్" అని రాయండి. దాని పక్కనే మీ ఊళ్లో రాత్రీ పగలూ ఎత్తే ఫోను నంబరు రాసి, ఆ కాగితం నకలు ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.